వగైరాలో పడ్డ బల్ల

మా వీధి మొదట్లో మెట్ల కింద రెండు కుర్చీలు వేసుకుని, ముప్ఫై ఏళ్లు ఒప్పంద పత్రాలు రాసిన మనిషిని అందరూ వగైరా గారనే పిలిచేవాళ్లు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. జాబితా ఏదైనా సరే, మూడు వస్తువులు రాసేసరికి ఆయనకు ఓపిక అయిపోయేది. నాలుగోదాని చోట ‘వగైరా’ పడేది. అది బద్ధకమని మాకు తెలియదు. చట్టమనుకుని చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం.

వచ్చినవాళ్ల మాట ఆయన ఏనాడూ చివరిదాకా విన్నది లేదు. “ఆఁ, ఆఁ, తెలుసు” అంటూనే ఏదో పాత కాగితం తీసి, పేర్లు మార్చి దించేసేవాడు. ఒకసారి సైకిలు అమ్మకం పత్రంలో నాలుగు వైపులా హద్దులు రాశాడు. ఇదేమిటని అడిగితే, “ఉంటే నష్టమేంటండీ?” అని నన్నే జాలిగా చూశాడు.

మా ఎదురు గదిలో బట్టలు కుట్టే అమ్మాయికి అద్దె కాగితం రాసింది ఆయనే. సాక్షి సంతకం నాది. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివే నేను, దాన్ని మాత్రం చదవకుండా సంతకం పెట్టాను. ఆయన్ని వెక్కిరించేటప్పుడు ఈ సంగతి కాస్త అడ్డొస్తుంది.

ఏడేళ్ల తర్వాత ఆ అమ్మాయి గది ఖాళీ చేస్తుంటే, ఇంటి యజమాని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“మిషను పట్టుకెళ్లమ్మా, కాదన్నానా? బల్ల మాత్రం కదలదు. గోడకి బిగించావు. కాగితంలో ఏముంది? తలుపులు, కిటికీలు, అలమరాలు వగైరా గదివే.”

అది గుడ్డ కత్తిరించే బల్ల. ఆ అమ్మాయి బాగా పొట్టి. వడ్రంగం చేసే అన్న ఆమెను పక్కన నిలబెట్టి, నడుం ఎత్తుకు కొలిచి చేసిచ్చాడు. ఆ అన్న ఇప్పుడు లేడు. మామూలు బల్ల మీదైతే ఆమె మునివేళ్ల మీద లేచి కత్తిరించాలి. గంటకే నడుం పట్టేస్తుంది. బల్ల పోతే పనీ పోయినట్టే.

తిన్నగా మెట్ల కిందికి వెళ్లింది. వెనకే నేను.

“బాబాయ్ గారూ, మీ వగైరాలో నా బల్ల ఉందా?”

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదమ్మా. అదే దాని గొప్పతనం.”

“గొప్పతనం మీకూ, బల్ల ఆయనకూనా?”

శనివారాలు గ్రంథాలయం వెనక గదిలో ఉచితంగా సలహా చెప్పే ప్లీడరమ్మ ఒకావిడ ఉండేది. మేం వెళ్లి చెబితే, ఆవిడ యజమానినీ వగైరా గారినీ కూడా పిలిపించి, అందరినీ కూర్చోబెట్టి కాగితం మొదటినుంచీ పైకి చదివింది. సాక్షినైన నేను కూడా దాన్ని మొత్తంగా వినడం అదే మొదలు. పదకొండో షరతు దగ్గర ఆగింది.

“‘ఖాళీ చేయునప్పుడు అద్దెదారు తన మిషను, కుర్చీ, దీపములు వగైరా తీసుకొనిపోవచ్చును.’ ఈ వగైరాలో ఏమున్నాయండీ?”

“ఆమె సామాను,” అన్నాడు యజమాని.

“ఎక్కడుంది ఆ మాట? మీ వగైరా ఆమె బల్లని మింగితే, ఆమె వగైరా మీ తలుపుల్ని మింగుతుంది. ఇంతకీ బల్ల చేయించింది ఎవరు?”

“వాళ్లన్న.”

“మరలు విప్పితే గోడ కూలుతుందా?”

“నాలుగు చిల్లులు పడతాయి.”

“పూడ్పించి ఇస్తుంది. ఇంకేం కావాలి?”

యజమాని వగైరా గారి మీద విరుచుకుపడ్డాడు. “ఏమయ్యా, ఏం రాత ఇది?”

“ఇద్దరికీ పనికొచ్చేలా రాశానండీ,” అన్నాడాయన. సిగ్గు ఛాయలు కూడా లేవు.

రాజీ కాగితం కూడా తనే రాస్తానని కలం తీశాడు. ‘బల్ల, దాని కాళ్లు, మరలు’ దాకా వచ్చాడు. తర్వాత చెయ్యి దానంతటదే ‘వ’ వైపు తిరిగింది. ఆ అమ్మాయి కలం లాక్కుని, బల్ల అన్న మాట ఒక్కటీ ఉంచి మిగతాదంతా కొట్టేసి, పక్కన ‘అద్దెదారుది’ అని రాసింది.

“బల్లంటే బల్లే, బాబాయ్ గారూ.”

“వెలితిగా ఉంటుందమ్మా,” అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

ఈసారి నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. ఉన్నది ఒక్క వాక్యం. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతిమీదుగా వచ్చిన కాగితాల్లో అర్థమయ్యేది నాకు తెలిసి అదొక్కటే. అదీ కొట్టివేతల పుణ్యం.