కొండ మీద రెండు దెబ్బలు

ముందే చెప్తున్నా... నవ్వేవాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుద్ది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని నేను. బస్తాలతో వేగడం తప్ప కథలల్లడం చేతకాదు. ఇది జరిగింది. నా మీద ఒట్టు... నాకే జరిగింది.

మా ఆవిడ పోయి మూడేళ్లు. పిల్లల్లేరు. నల్లపాడులో రెండు గదుల పోర్షన్. మిగతా రోజులు ఎలాగో గడిచిపోతాయి గానీ, ఆదివారం మధ్యాహ్నం ఉంది చూశారూ... గోడలు మీదకొస్తాయి. అందుకని చేరాను ఆ గుంపులో. కొండలెక్కే సరదా ఉండి కాదు.

పది మందిమి. పొదిలి దాటాక ఒక కొండ ఉంది. ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్ల కోసం ప్రతి ఆదివారం పోయి దానికి కాలిబాట వేస్తున్నాం. జీతమా, భత్యమా? ఏమీ లేదు. కంప కొట్టాలి, వాన నీళ్లకి బాట కోసుకుపోకుండా పక్కన కాలవ తీయాలి, నిటారుగా ఉన్నచోట బండలు పాతి మెట్లు కట్టాలి. మా పెద్ద ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. అక్కడ ఫోన్లు పలకవు, గాలికి కేక వినపడదు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టారు. రాయి మీద రాయితో రెండు దెబ్బలు కొడితే "ఉన్నావా?" అని. తిరిగి రెండు కొడితే "ఉన్నా" అని.

ఇంకో పద్ధతి కూడా ఉండేది లెండి. సాయంత్రం మేం తిరిగెళ్లే వ్యాన్ దగ్గర మనుషుల్ని లెక్కపెట్టరు. గునపాలు, పారలు లెక్కపెడతారు. ఎవడి పనిముట్టు వాడు తెస్తాడు కాబట్టి, సామాను సరిపోతే మనుషులు సరిపోయినట్టే. నా కొంప ముంచింది అదే.

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులవి. కొండ సగం దాకా ఘాటు వచ్చేది. ఆ రోజు నేను పాతిన మెట్టు ఒకటి కదులుతోంది. మాస్టారు "వచ్చేవారం చూద్దాంలేవయ్యా, దిగు" అన్నారు.

"ఈలోపు ఎవడన్నా కాలు విరగ్గొట్టుకుంటే ఎవరండీ బాధ్యులు?" అన్నా. కొంచెం గట్టిగానే అన్నాలెండి. నా నోరు సంగతి మీకు తెలుసుగా. ఆయన ముఖం మాడ్చుకుని దిగిపోయారు. అందరూ దిగిపోయారు. చివర్లో మా శీను ఆగాడు. మొబైల్ షాపు కుర్రాడు, బండి మీద వస్తాడు.

"అన్నా, గునపం నేను పట్టుకెళ్లనా?"

"పట్టుకుపోరా. కింద చిన్న రాళ్లు దోపి ఐదు నిమిషాల్లో వచ్చేస్తా."

వాడు గునపం వ్యాన్‌లో పడేసి బండెక్కి పోయాడు. సామాను సరిపోయింది. నేను శీను బండి మీద పోయాననుకున్నారు మాస్టారు. పైగా అలిగి పోయాననుకున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

వ్యాన్ స్టార్టయిన చప్పుడు... కేకేశా. గొంతు చించుకుని కేకేశా. ఎర్ర లైట్లు పత్తి చేల మధ్యన చిన్నగా అయిపోయి... పోయాయి. నా సంచీ అందులోనే. సంచీలో ఫోను.

పొద్దు గూకింది. చందమామ లేడు. అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన ఏంటో తెలుసా? పాము కాదు, దెయ్యం కాదు. ఇక్కడ పడి చస్తే నా కోసం వెతికేవాడు ఎవడు అని. ఇంట్లో చూసేదెవరు? పనిలోకి రాకపోతే లీవు పెట్టాననుకుంటారు. మళ్లీ ఆదివారం దాకా... అక్కడే కూలబడ్డా. ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, ఏడ్చా.

తర్వాత ఏమనిపించిందో... రెండు రాళ్లు తీసుకుని కొట్టా.

టక్... టక్.

ఎవరన్నా వెనక్కి వచ్చి ఉంటారేమోనని ఆశ. ఏమీ లేదు. గాలి. ఎక్కడో కంపలో ఏదో కదిలింది. ఆగిపోయింది.

అప్పుడు... కింద నుంచి... టక్... టక్.

ప్రాణం లేచొచ్చింది! "శీనూ! ఒరేయ్ శీనూ!" పలకలేదు. సరే, గాలికి వినపడలేదనుకున్నా. చప్పుడొచ్చిన వైపు దిగడం మొదలుపెట్టా. చేతుల్తో తడుముకుంటూ. నాలుగడుగులేసి కొట్టడం, ఆగడం. ప్రతిసారీ జవాబొచ్చింది. ప్రతిధ్వనేమో అంటారు. నేనూ అనుకున్నా. ప్రతిధ్వనైతే వెంటనే రావాలిగా? ఇది... మనిషి వంగి రాయి తీసుకుని కొట్టినంత సేపటికి వచ్చేది. ఒక్కోసారి ఆలస్యంగా.

మూడో మలుపు దగ్గర పాత క్వారీ గొయ్యి ఉంది. నేను దాన్ని దాటేశాననుకుని ధీమాగా నేరుగా పోతున్నా. కొట్టడం కూడా మానేశా. ఇంతలో...

టక్... టక్.

నేను కొట్టలేదు. వినండి. నేను కొట్టలేదు. అదే కొట్టింది. ఎడమ పక్క నుంచి... దగ్గరగా. బారెడు దూరం ఉంటుందేమో. నేను ఆగా. ఊపిరి బిగబట్టా. అవతల ఊపిరి చప్పుడు లేదు. అడుగు చప్పుడు లేదు. బట్ట రాసుకున్న చప్పుడు కూడా లేదు. నా కాలి కింద నుంచి చిన్న రాయి ఒకటి జారింది. జారి... పడింది. చాలాసేపటికి కింద నీళ్లలో 'బుడుంగ్'మంది.

గొయ్యి అంచు మీద ఉన్నా నేను.

"ఎవరండీ?" అన్నా. అండీ అనే అన్నా, నాకు బాగా గుర్తు. ఎడమ పక్కకి జరిగి, చెయ్యి చాచా... చేతికి మేం పాతిన మెట్టు తగిలింది. మనిషి తగల్లేదు.

ఇక మిగతా బాటంతా పాక్కుంటూ దిగా. కింద కల్లంలో దీపం. మిరపకాయలకి కాపలా ఉన్న పెద్దాయన టార్చి వేసి "ఎవరయ్యా అది?" అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"రాళ్ల చప్పుడు వింటానే ఉన్నా. నువ్వేనా?"

"నేనే."

గ్లాసు ఇంకా నోటి దగ్గరే ఉంది. కొండ మీద నుంచి వచ్చింది. టక్... టక్.

పెద్దాయన నా వంక చూశాడు. "పైన ఇంకా ఎవరన్నా ఉన్నారా?"

"లేరు" అన్నా.

కాసేపాగి మళ్లీ... టక్... టక్. ఉన్నావా? అని అడుగుతోంది. నాకు దాని భాష తెలుసుగా. నా పక్కనే రాళ్లున్నాయి. వంగి తీసుకుని రెండు దెబ్బలు కొడితే అయిపోయేది. కొట్టలేదు. భయమేసింది. చెవులు మూసుకున్నా. అది చాలాసేపు అడిగింది. తెల్లారుజామున పాల వ్యాన్ వస్తే ఎక్కి వచ్చేశా.

మళ్లీ ఆదివారం అందరికీ చెప్పా. మాస్టారు నా చెయ్యి పట్టుకుని "సామాను సరిపోయింది కదయ్యా..." అంటూ ఉండిపోయారు. ఆ రాత్రి తొమ్మిదికల్లా అందరూ ఇళ్లల్లోనే ఉన్నారట. శీను వాళ్లమ్మ మీద ఒట్టేశాడు. క్వారీలో ఎవరన్నా ఉంటారేమో అన్నారొకరు. అది మూతపడి ఏళ్లయింది. ఏమో మరి... ఉండొచ్చు. మనిషే అయి ఉండొచ్చు. మాట్లాడలేని మనిషేమో. నాకు తెలీదండీ, నిజంగా తెలీదు.

ఇప్పుడు మనుషుల్నే లెక్కపెడుతున్నారు. చివరన నేనే దిగుతా. అడిగి మరీ చివరనుంటా. మూడో మలుపు దగ్గర ఆగి, అందరూ దూరంగా పోయాక, రెండు దెబ్బలు కొడతా. నిలబడి వింటా.

ఇన్ని ఆదివారాలయింది... ఒక్కసారి కూడా జవాబు రాలేదు.