మామ వదిలిపోయిన ఉండవిల్లు

రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. అయినా జమ్మలమడుగు దగ్గర మా జొన్నచేనికి కాపలా నేనే. గింజ పాలు పోసుకోగానే చిలకలు దిగాయి. ఆ చేను పోతే ఏడాదంతా మాకు సంగటి లేదు. మట్టి ఉండలతో పిట్టలను తోలే ఉండవిల్లు కావాలి. చనిపోయిన మామ విల్లు ఇంట్లోనే ఉంది, మసిపట్టి. ఇల్లరికం వచ్చిన కొత్త అల్లుడికి అది నామోషీ కదా, ప్రొద్దుటూరు పోయి ఎర్ర రంగు వేసిన కొత్త విల్లు తెచ్చాను.

మొదటి ఉండ నా బొటనవేలికే తగిలింది. రెండోదీ అంతే. చిలకలు నింపాదిగా తింటూనే ఉన్నాయి.

గట్టు మీద అత్త నవ్వింది. "చిలకల్ని కొడతాండావా, నిన్ను నువ్వే కొట్టుకుంటాండావా అల్లుడా?"

"కొత్త విల్లు గదత్తా, ఇంకా సిగ్గుపడతాంది."

"అది కుడిచేతోళ్లది నాయనా. నీది ఎడమచేతి వాటం. ఉండ వేలికి తగలకుండా నీ విల్లుకు పిడి అవతల పక్కకు వంచి చేసుండాల. మీ మామ గూడా నీ మాదిరే. ఇంద, ఇది పట్టు."

వెంట తెచ్చిన పాత విల్లు నా చేతిలో పెట్టింది. ఆ ఎడమ చేత్తో రాసినందుకే దెబ్బలు తిని బడి మానేసినవాణ్ణి. దానికి సరిపోయే వస్తువు దొరకడం అదే మొదలు.

ఆ ఏడు గింజ ఇంటికొచ్చింది. అత్తల మీద ఎగతాళి మాటలు ఎన్ని అడిగినా చెప్తాను. మా అత్తను మాత్రం వదిలేయండి.