తల్లుల మీటింగుకు బొట్టు పెట్టి పిలిచాను

ఆ పిల్ల మొద్దు కాదని తెలిసిన సాయంత్రం నేను గౌలిపుర సందులో దాదాపు పరుగెత్తాను. కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నా ఆగలేదు. పాలబిందెతో ఎదురొచ్చిన మనిషి "అరే, చూస్కోని నడువమ్మా" అని కసిరినా పట్టించుకోలేదు. పెద్ద పంతులమ్మకు ఆ సంగతి చెప్పేదాకా నాకు ఊపిరాడేట్టు లేదు.

మాది సర్కారు బడి కాదు. పెద్ద పంతులమ్మ తన అత్తవారి పాత ఇంట్లో రెండు గదులు, ఒక వసారా తీసుకుని సొంతంగా నడిపే చిన్న తెలుగు బడి. యాభైలలో పాతబస్తీలో తెలుగు చెప్పేవాళ్ళకు ఎంత కరువంటే, ఉర్దూలో చదువుకుని తెలుగు ఇంట్లో నేర్చుకున్న నాలాంటి పంతొమ్మిదేళ్ళ దాన్ని కూడా పంతులమ్మను చేసేశారు.

ఆ పిల్ల మూడో తరగతి. బోర్డు మీద రాసింది చదవమంటే నోరు విప్పేది కాదు. పక్కపిల్ల పలకలో చూసి రాసేది. నాకు ఒళ్ళు మండి ఎన్నిసార్లు గోడవైపు తిప్పి నిలబెట్టానో లెక్కలేదు. ఆ సాయంత్రం బడి వదిలాక, మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వెళ్ళాను. గదిలో ఆ పిల్ల ఒక్కతే ఉంది. బోర్డుకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి, నేను పొద్దున రాసిన పాఠమంతా గడగడా చదువుతోంది. ఒక్క తప్పు లేదు! పిల్లకు చదువు రాక కాదు, బోర్డు కనబడక.

పెద్ద పంతులమ్మ మర్నాడే ఇంటికి కబురు పెట్టారు. తండ్రి లేని పిల్ల కాబట్టి పెదనాన్న వచ్చాడు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఆయనది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కండ్లు మంచిగనే ఉన్నయమ్మా. చదువు రాకుంటే మాకేం ఫికర్ లేదు, నెలాఖరుకు బందు చేయిస్త. ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు ఎవడు చేస్కుంటడు?"

నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"మొగోళ్ళు గిట్లనే వస్తరు, ఒక మాటంటరు, పోతరు," అన్నారు పెద్ద పంతులమ్మ, ఆయన వెళ్ళాక. "తల్లులు రావాలె. ఆ తల్లి ఒక్కసారి కండ్లార చూస్తే చాలు."

కానీ మా సందుల్లో ఆడవాళ్ళు చిట్టీ పంపితే బడికొస్తారా? అప్పుడే నాకు ఆలోచన తట్టింది. "పేరంటం లెక్క పిలుద్దామమ్మా! బొట్టు పెట్టి పిలిస్తే ఎవరు రాకుంటరు?"

ఆవిడ నవ్వి, "సరే, నువ్వే పోయి పిలువు" అన్నారు.

కుంకుమ బరిణె పట్టుకుని మర్నాడు ఇల్లిల్లూ తిరిగాను. కాలు ఒకచోట నిలిస్తేనా! "బడిల పేరంటమా? గిదేందమ్మా కొత్తగ?" అని నవ్వుతూనే అందరూ నుదురు ముందుకు చాపారు. రెండిళ్ళలో మజ్జిగ కూడా ఇచ్చారు. ఆ పిల్ల ఇంటికీ వెళ్ళాను. దాని పెద్దమ్మకు బొట్టు పెట్టి పిలిచాను. పిల్ల తలుపు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. నేను దాని బుగ్గ గిల్లి, ఏదో గెలిచినదానిలా బడికి తిరిగొచ్చాను.

"పిల్ల తల్లిని పిలిచినవా?" అని అడిగారు పెద్ద పంతులమ్మ.

"భర్త పోయినామెకు బొట్టెట్ల పెడ్తమమ్మా?" అనేశాను.

ఆవిడ నా చేతిలోని బరిణె తీసి పక్కన పెట్టారు. "ఎవరి కోసమని మొదలువెడ్తిమి ఇదంత? మనం నడిపేది బడా, పేరంటమా?"

నాకు తల తీసేసినట్టయింది. ఎవరు రావాలని ఇంత హడావుడి చేశానో ఆమెను గుమ్మం దాకా వెళ్ళి వదిలేసి వచ్చాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోతూ.

ఆ పూటే మళ్ళీ వెళ్ళాను, ఒట్టి చేతులతో. ఆమె పెరట్లో పప్పు రుబ్బుతోంది.

"అక్కా, నిన్ను పిలవకపోవుడు నాదే తప్పు. నువ్వు రావాలె."

"ముత్తయిదువల నడుమకు నేనెట్ల వస్తనమ్మా? నలుగురు ఏమనుకుంటరు?"

"అది పేరంటం కాదక్కా. పిల్లల తల్లుల మీటింగు. నువ్వు తల్లివి కావా?"

ఆమె రుబ్బడం ఆపింది.

ఆ మాట అనేశాక ఇక తప్పుతుందా? ఇల్లిల్లూ మళ్ళీ తిరిగి, పేరంటం కాదు, తాంబూలాలు ఉండవు, తల్లులందరి మీటింగు అని చెప్పుకున్నాను. "బొట్టు పెట్టి పిలిచి పేరంటం లేదంటవా? మస్కరీ చేస్తున్నవా?" అని ఒకావిడ చేసిన లొల్లి సందు చివరిదాకా వినబడింది. నోరు మూసుకుని పడ్డాను.

మీటింగు రోజు మధ్యాహ్నం పదిసార్లు గుమ్మం దాకా పోయి వచ్చాను. ఎవరూ రారేమో అనుకున్నాను. వసారా నిండిపోయింది! అందరికన్నా చివర, కొంగు నిండా కప్పుకుని ఆమె వచ్చి తలుపు పక్కన నిలబడింది. నాకు అక్కడే గంతులేయాలనిపించింది. లొల్లి చేసిన ఆవిడే జరిగి, "గిట్ల కూసో" అని చోటిచ్చింది.

పెద్ద పంతులమ్మ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పిల్లలను ఒక్కొక్కరినే లేపి చదివించారు. ఆ పిల్ల వంతు వచ్చింది. బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'ఆవు పాలు ఇస్తుంది' అని రాసి, చదవమన్నారు. పిల్ల తల దించుకుంది.

"ఒక అడుగు ముందుకు రా. ఇప్పుడు?"

లేదు. ఇంకొక అడుగు. ఇంకొకటి. బోర్డుకు జానెడు దూరంలోకి వచ్చాక పిల్ల ముఖం విప్పారింది. చకచకా చదివేసింది.

తల్లి లేచి నిలబడింది. కొంగు జారినా సర్దుకోలేదు.

"చేటల రాళ్ళేరమంటే ముక్కు ఆనిస్తదని కొడితిని," అంది. "వేషాలేస్తున్నదనుకుంటిని. కొడితిని నేను."

పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "కూసో, ఇంటికి పోయినంక మీ బావతోని నేను మాట్లాడుత" అంది.

"నేనే మాట్లాడుతక్కా. బడి బందు కాదు. అద్దాలు పెట్టిస్త."

బావగారి ఎదుట ఏనాడూ నోరెత్తని మనిషి, ఆ సాయంత్రం గడపలో నిలబడి అడిగిందట. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. మూడోనాడు మాత్రం పెద్ద పంతులమ్మ, ఆ తల్లి, పిల్ల, నేను ఒకే టాంగాలో ఇరుక్కుని కండ్ల దవాఖానకు పోయాం. తోవంతా వాగుతూనే ఉన్నానని పెద్ద పంతులమ్మ చాలా రోజులు నన్ను ఆటపట్టించారు.

అద్దాలు పెట్టుకుని వచ్చిన రోజు ముందు వరసలో కూర్చోమన్నాను. పిల్ల ససేమిరా అంది. వెనక గోడ దగ్గర తన చోటుకే వెళ్ళి కూర్చుంది. దిగబెట్టడానికి వచ్చిన తల్లి, బోర్డు పక్కనున్న గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను హుషారుగా బోర్డు నిండా రాసి, వెనక్కి తిరిగి, "చదువు బిడ్డా" అన్నాను.

పిల్ల లేచి నిలబడింది. బోర్డు వంక చూడలేదు.

"ఆగుండ్రి పంతులమ్మా," అంది. "మా అమ్మ ఏడుస్తున్నది. నాకు ఈడికెల్లే కనబడుతున్నది."