ఉతకని చీర

మొన్న పొద్దున తార్నాక సిగ్నల్ దగ్గర మా ఆటో పక్కనే తవుడు బస్తాల ట్రాలీ ఒకటి వచ్చి ఆగింది. పైన మెట్రో, చుట్టూ హారన్లు. ఆ పొగలోంచి కొంచెం పులుపూ కొంచెం తీపీ కలిసిన వాసన ముక్కుకు తగలగానే మా నాయనమ్మ చీర గుర్తొచ్చింది.

ఆ సిగ్నల్ వెనక, ఇప్పుడు హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు నిండిన సందులోనే మా బర్రెల కొట్టం ఉండేది. తాత వాళ్ల నాయన పెట్టిన పాడి తాత చేతికి, ఆయన నుంచి మా బాపు చేతికి వచ్చింది. మేపడం, కడగడం, దాణా తేవడం మగవాళ్ల పని. పాలు పిండడం మాత్రం నాయనమ్మదే. వానలు పడగానే బర్రెలను రోడ్డు దాటించి యూనివర్సిటీలోకి తోలేవాళ్లం. బండల మధ్య మోకాలెత్తు గడ్డిలో అవి మేస్తుంటే, పరీక్షలకు చదివే హాస్టల్ అన్నలు పుస్తకం పట్టుకుని వాటి మధ్యే పాఠం వల్లె వేస్తూ తిరిగేవాళ్లు. మధ్యాహ్నానికి అన్నీ నీటిగుంటలో దిగి ముక్కులు మాత్రం బయటపెట్టేవి. బర్రె ఈనితే బెల్లం, మిరియాలు వేసిన జున్ను ముందు మేం పాలు పోసే వాడుక ఇళ్లన్నిటికీ వెళ్లాకే మా కంచాల్లోకి వచ్చేది. దీపావళి వెళ్లి బర్రెల పండగ సదర్ వస్తే కొమ్ములకు నూనె, మెడకు గవ్వల దండ, మాకు కొత్త బట్టలు.

వాటిలో గంగి అనే బర్రె ఉండేది. దూడ చచ్చిపోయినప్పటి నుంచి అది నాయనమ్మకు తప్ప ఎవరికీ చేపేది కాదు. వేరే చెయ్యి పడితే పాలు పైకి లాగేసుకునేది. అలాంటి సమయంలో నాయనమ్మ కొట్టంలో జారిపడి కాలు విరిగి ఆస్పత్రిలో చేరింది. మర్నాటికి గంగి పొదుగు రాయిలా గట్టిపడింది. బాపు చెయ్యి వేస్తే తన్నింది, అమ్మ వేస్తే తన్నింది.

"ఇట్లనే ఉంటే పొదుగు చెడిపోతది. ఇంక అది పాడికి పనికిరాదు" అన్నాడు బాపు.

తలపాగా లేనిదే గడప దాటని మా తాత లోపలికి వెళ్లాడు. బయటికొచ్చినప్పుడు ఆయన ఒంటి మీద నాయనమ్మ పెట్టెలోని ఆకుపచ్చ పట్టుచీర, కొంగు కింద తెల్లటి మీసాలు. క్యాన్లతో నిలబడ్డ వాడుకవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. గుంటూరు నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడ్డ టీచరమ్మ ఆగలేకపోయింది.

"అయ్యో పెద్దాయనా, పెళ్లికూతురిలా ఉన్నావయ్యా! నాలుగు మల్లెపూలు కూడా పెట్టుకోకపోయావా?"

"నవ్వకు టీచరమ్మా, బర్రె బెదురుతది."

గంగి ఆ చీరను ఒక్కసారి వాసన చూసి, పాల గిన్నె గోడకు తగిలేలా తన్నింది.

ఆ మధ్యాహ్నం అమ్మ వెంట ఆస్పత్రికి వెళ్తే, నాయనమ్మ తన కాలి సంగతి ఎత్తకుండానే "గంగి ఇచ్చిందా?" అని అడిగింది. జరిగింది చెప్పగానే నొప్పిలోనే నవ్వింది.

"పెట్టెల చీర సుట్టాలింటికి పోయేటప్పుడు గట్టేది, అది బర్రెకేమెరుక? నేను ఇడిసిన చీర దండెం మీదున్నది, గదే కట్టుకొమ్మను. ఉతకకుండ్రి."

దండెం మీది నేతచీరకు తవుడు, కుడితి, పెండ, చేతివేళ్లకు రాసుకునే ఆముదం, నాయనమ్మ చెమట, అన్నీ పట్టి ఉన్నాయి. సాయంత్రం తాత దాన్ని చుట్టుకుని కూర్చున్నాడు. టీచరమ్మ ఈసారి నవ్వలేదు; క్యాను ఒడిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. గంగి కొంగును చాలాసేపు వాసన చూసింది, పొడుగ్గా ఊపిరి వదిలింది. గిన్నెలో మొదటి ధార సుయ్యిమంది. తాత పాలు పిండినంతసేపూ తల ఎత్తలేదు.

తర్వాత ఆయన ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చుని, "ఇన్నేండ్లు కాపురం జేసిన. నీ వాసన బర్రెకు తెలిసినంత నాకు తెల్వకపాయె" అన్నాడు. నాయనమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగింది.

కొన్నేళ్లకు తాత పోయాడు. ఊరు పెరిగి మేపే చోటు కరువైంది. కొట్టం జాగా అపార్టుమెంటుకు ఇచ్చేశాం. బర్రెలు ఒక్కొక్కటే వెళ్లాయి. చివర గంగి కోసం ఘట్‌కేసర్ అవతలి నుంచి ఒకతను వచ్చాడు. అతను పగ్గం పట్టుకోగానే నాయనమ్మ "జర ఆగు" అని లోపలికి వెళ్లి, వేరే చీర కట్టుకుని, విడిచిన చీర మడతపెట్టి తెచ్చి అతని భుజాన వేసింది.

"ఉతకకు బిడ్డా. పిండేటప్పుడు నీ పెండ్లాన్ని కట్టుకొమ్మను. అది మీకు జర అలవాటయ్యేదాంక."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. చీరను జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు కొట్టం ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. మా గుమ్మానికి పొద్దున్నే పాల ప్యాకెట్లు వేలాడుతుంటాయి. నాయనమ్మ పోయాక ఆమె చీరలు అమ్మ అల్మారాలో దాచింది. మొన్న ఇంటికి రాగానే ఆ అల్మారా తీసి ఒక్కొక్కటే ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాను. సబ్బు వాసన. అన్నీ ఉతికినవే.