రాణి అనమన్నదెవరు?

కామాఠిపురాలో చెస్ తరగతి ఎందుకు మూతపడిందో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. అక్కడ పాఠం చెప్పిన నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అక్కడి తెలుగు మండలి వార్షికోత్సవంలో "కోచ్ పొరపాటు వల్ల" అని కార్యదర్శి మైకులో చెప్పినప్పుడు నేను మూడో వరుసలోనే కూర్చుని ఉన్నాను.

మునిసిపల్ బడుల్లో చెస్ శిక్షకుడిగా నా ఆఖరి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను ఫోరస్ రోడ్ దగ్గరి తెలుగు మండలి గదికి వేశారు. అంతకుముందు అక్కడ క్యారమ్ ఆడేవారు. కార్యదర్శి యాదగిరి షరతు ఒకటే: బడుల పోటీ గెలిస్తే గది చెస్‌కు, ఓడితే మళ్ళీ క్యారమ్‌కు.

నేను క్వీన్‌ను మంత్రి అంటాను. దానికి కారణముంది. ఆ చాళ్లలో, ఒకే వసారా మీది ఇరుకు గదుల్లో, రాణి అంటే క్యారమ్ బోర్డు మీది ఎర్ర బిళ్ళ. దాన్ని అందరికంటే ముందు తీసి, వెంటనే ఇంకో బిళ్ళ వేసి కవర్ చేసినవాడే మొనగాడు. చదరంగంలో అలా చేస్తే చావే. ముందు గుర్రాలు, శకటాలు బయటికి రావాలి. రాజు కోట కట్టుకోవాలి. మంత్రి తొందరపడి వస్తే అవతలివాళ్ళు చిన్న పావులతో తరుముతారు. తరిమిన ప్రతిసారీ వాళ్ళ పావు ఒకటి మంచి చోట కుదురుకుంటుంది, మన ఎత్తులు పరుగుకే ఖర్చవుతాయి. మా భాషలో ఇది టెంపో పోవడం.

యాదగిరి నవ్వాడు. "ఏంది సార్, కిరీటం పెట్టుకున్న ఆడమనిషిని పట్టుకొని మంత్రి అంటవు? రాణి అను. పిల్లలకు సమజ్ అయితది." గోడ మీద పావుల పేర్లు రాసిన నా పటంలో మంత్రి కొట్టేయించి రాణి రాయించాడు. అభ్యంతరం చెప్పాను. వినలేదు.

దాదర్‌లో చివరి పోటీ సమమైంది. ఒక్క ఆటతో తేల్చాలన్నారు. మా తరఫున భాగ్య కూర్చుంది. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ కూతురు, తరగతిలో అందరికంటే నిదానంగా ఆలోచించి ఆడేది. యాదగిరి ఆమె చెవి దగ్గర వంగాడు. "డరకు బేటీ. రాణి నికాల్, కవర్ పెట్టు, ఖతం!" నేను దగ్గరికి వెళ్ళేలోగా పోటీ నిర్ణేత ఆర్బిటర్ గడియారం నడిపించాడు. ఆ తర్వాత శిక్షకులు తాడు వెనకే నిలబడాలి, నోరు విప్పకూడదు.

రెండో ఎత్తుకే ఆమె వేళ్ళు మంత్రిని తాకాయి. ముట్టిన పావునే ఆడాలన్నది నియమం. మంత్రిని బోర్డు అంచు దాకా తోసింది. మూడో ఎత్తుకు దానికి దన్నుగా శకటాన్ని నిలిపింది. కవర్ అన్నమాట. అవతలి పిల్ల బంటుతో అదిలించింది, గుర్రంతో అదిలించింది. భాగ్య గుర్రాలు రెండూ ఇల్లు కదలలేదు. చివరికి అవతలి నల్ల గుర్రం ఒక్క దూకుతో రాజుకు చెక్ చెప్పి, మంత్రినీ పట్టింది. మంత్రి పోయింది, దాని వెనకే ఆటా పోయింది.

"రాణికి కవర్ పెట్టిన గద సార్, మరెట్ల పోయింది?" అని భాగ్య నన్నడిగింది.

ఆ వారమే క్యారమ్ బోర్డులు తిరిగి వచ్చాయి. పాఠంలో మాట మారితే బల్ల మీద ఎత్తు మారుతుంది. నేను నేర్చుకున్నది అంతే.

యాదగిరి గారూ, ఆ పటంలో మంత్రిని కొట్టేయించింది ఎవరు? ఈసారి సభలో, అదే మైకులో, జవాబు చెప్పండి. నేను మూడో వరుసలోనే ఉంటాను.