సగం ముచ్చట నీలమ్మ

మదీనాగూడ నీలమ్మకి ఒక్కటే అవలక్షణం. మొదలుపెట్టిన ముచ్చట మొదలుపెట్టిన చోట ముగించదు. మంచం దగ్గర ఎత్తుకున్న కబురుకి ముగింపు పశువుల కొట్టంలో ఉంటుంది. గుమ్మంలో ఎత్తుకున్నదానికి బావి దగ్గర ఉంటుంది. ఇది ఆమె ఇంట్లో కిరాయికి ఉన్న రామ్మోహనరావు మంచం మీద పడుకుని, పళ్ళు నూరుకుంటూ కనిపెట్టిన సత్యం.

డెబ్భైల నాటి మాట. మదీనాగూడ అప్పటికి హైదరాబాదు పక్కన ఓ పల్లె. రామ్మోహనరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి, బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. ఓ రోజు ఇనుప దిమ్మె ఎత్తబోతే నడుం కలుక్కుమంది. మొదట చూసిన డాక్టరు "కొన్నాళ్ళు పడుకోవయ్యా" అన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో చెప్పలేదు. మనవాడు బుద్ధిమంతుడు కదా, నెలల తరబడి పడుకున్నాడు.

ఒకనాడు భార్య సుబ్బలక్ష్మి నడుంకి నూనె రాస్తూ కెవ్వుమంది.

"ఏవండీ, మీ నడుం ఏమిటండీ ఇలా అయిపోయింది?"

మామూలు మనిషి నడుం మధ్య వెన్ను చిన్న కాలవలా లోపలికి ఉంటుంది. రెండు పక్కలా కండ గట్లు కట్టి ఉంటుంది. రామ్మోహనరావుకి గట్లు రెండూ కరిగిపోయి, కాలవే పైకి తేలింది! కబురు పెడితే ఇంకో డాక్టరు వచ్చి చూశాడు.

"ఎముకకేం కాలేదయ్యా. వాడక కండ కరిగిపోయింది, అంతే. నొప్పని పడుకున్నావు, పడుకుంటే కండ పోయింది. కండ పోయేసరికి నొప్పి మళ్ళీ వచ్చింది. లేచి కొంచెం కొంచెం నడువు."

"నడిస్తే విరిగిపోతుందండీ!"

"నడవకపోతే నీ ఉద్యోగం విరుగుతుంది."

ఆ మాట నిజం. సెలవులన్నీ అయిపోయాయి. వేసవి చివర్లో ఫ్యాక్టరీ డాక్టరు చూసి, షిఫ్టంతా నిలబడగలడని అంటేనే ఉద్యోగం, లేకపోతే పెట్టే బేడా సర్దుకుని ఊరెళ్ళిపోవడమే. సుబ్బలక్ష్మి వంటింట్లో కళ్ళొత్తుకునేది. రామ్మోహనరావు మాత్రం లేవమంటే చాలు, కొండమీంచి దూకమన్నట్టు మంచంకోడు పట్టుకునేవాడు.

ఆ సమయంలో పాలచెంబుతో నీలమ్మ వచ్చింది.

"ఏం బిడ్డా, పండుకున్నవా? పండుకో, పండుకో. మియాపూర్ల పెండ్లి ముచ్చట ఎరికేనా?"

"ఎరగనండీ."

"పీటల మీద కూసున్న పిలగాడు, తాళి చేతుల వట్టుకొని, ఒక్కసారే లేసి ఉరికిండు! ధోతి ఒకదిక్కు, పిలగాడు ఒకదిక్కు. ఎందుకురికిండో ఎరికేనా?"

రామ్మోహనరావు మెడ ఎత్తాడు. "ఎందుకండీ?"

"అయ్యో! బర్రె తలుగు తెంచుకున్నట్టున్నది!" అంటూ నీలమ్మ కొట్టం వైపు పరుగెత్తింది.

ఇక చూసుకోండి. పెళ్ళికూతురికి మెల్లకన్నా? కట్నం తేడానా? ఇంకో పిల్లెవరైనా ఎదురొచ్చిందా? మధ్యాహ్నానికి రామ్మోహనరావుకి అన్నం సయించలేదు. సుబ్బలక్ష్మిని అడిగితే, "నేనూ అందాకే విన్నానండీ, నాకూ కాలు నిలవట్లేదు" అంది. సాయంత్రానికి ఓపిక నశించింది. గోడ పట్టుకుని, అమ్మా అబ్బా అంటూ, నీలమ్మని తిట్టుకుంటూ కొట్టం చేరాడు.

"ఎందుకు ఉరికాడండీ?"

"ఎవరు బిడ్డా?"

"పెళ్ళికొడుకండీ!"

"అవ్, గాడా! పీట కింద గండుచీమలు!"

రామ్మోహనరావు నడుం పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి చుట్టూ చూసుకుంటే, వాకిలంతా దాటొచ్చేశాడు! వెంటనే మంచం చేరి దుప్పటి కప్పుకున్నాడు.

మర్నాడు దొంగ కథ. పెంటయ్య ఇంట్లో దొంగ పడ్డాడు. పెంటయ్య కర్ర పట్టుకుని లేచాడు. అప్పుడు దొంగ ఏమన్నాడో తెలుసా? తెలియాలంటే బావి దగ్గరికి రావాలి. వస్తే సరా, "జర తాడు వట్టు బిడ్డా, చెప్త" అంది. రామ్మోహనరావు వంగి బొక్కెన తోడాక గాని ఆ నోరు పెగల్లేదు.

"ఏమన్నడు, 'అన్నా, నీ గొళ్ళెం ఎట్ల తీస్తరు? ఎంతసేపు గుంజినా వస్తలేదు' అన్నడు!"

రోజులు గడిచేకొద్దీ ముగింపులు దూరమయ్యాయి. బావి పోయి బొంబాయి రోడ్డు వచ్చింది. రోడ్డు పోయి హఫీజ్‌పేట్ స్టేషను వచ్చింది. రామ్మోహనరావుకి ఒళ్ళు మండింది.

"ఇక్కడే చెప్పండి! నేను రోగిష్టివాణ్ణి!"

"నేనేం చేద్దు బిడ్డా? నా కాళ్ళాగితే నోరాగుతది."

"ఈవిడ నోరు పడిపోను!" అనుకుంటూ చెప్పులేసుకునేవాడు. వెళ్ళొచ్చాక సుబ్బలక్ష్మికి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. నూనె రాస్తున్నప్పుడు ఆమె వేళ్ళకి మళ్ళీ మెత్తగా కండ తగిలింది. ఆమె మొక్కని దేవుడు లేడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఫ్యాక్టరీ డాక్టరు వంగమన్నాడు, లేవమన్నాడు, బరువు ఎత్తమన్నాడు. వెన్ను పక్కన బొటనవేలితో నొక్కి చూశాడు. కలుక్కుమనడం పూర్తిగా పోలేదు గానీ, ఆ కలుక్కుకి రామ్మోహనరావు భయపడటం పోయింది.

"కండ మళ్ళీ పట్టిందే! ఏం మందు వాడావయ్యా?"

"మా ఇంటి ఓనరుగారి ముచ్చట్లండీ."

"పో, పోయి నీ మెషీన్ చూసుకో!"

రామ్మోహనరావు మిఠాయి పొట్లం పట్టుకుని, ఛాతీ విరుచుకుని ఇల్లు చేరాడు. నేరుగా నీలమ్మ వాకిట్లోకి వెళ్ళి కొయ్యబారిపోయాడు. నీలమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మొగుడు రామన్నకి ఒక ముచ్చట మొదటి నుంచి చివరి దాకా, జరగకుండా కదలకుండా చెప్పి ముగించింది!

"నీలమ్మగారూ! కూర్చునే చెబుతున్నారా?"

"రోజు కూసునే చెప్తది సార్," అన్నాడు రామన్న దిగులుగా. "లేసి పోతే నేను జర నిద్రన్న పోదును."

"మరి నాకు..."

దొరికిపోయిన నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు కూసొని చెప్తే మంచం దిగుతుంటివా బిడ్డా? డాక్టర్ చెప్తే వినకపోతివి. ఆ పిల్ల ఏడుస్తుంటే నా పానం ఊకుంటదా?"

రామ్మోహనరావు నడుం వంచి ఆమె పాదాలకి దండం పెట్టాడు. నీలమ్మ ఆశీర్వదించడం మానేసి, అతని వీపు వంకే చూసింది.

"ఓయమ్మ, ఎంత మంచిగ వంగుతున్నవు!"

తర్వాత గొంతు తగ్గించింది. మూలమీది కిరాణా కొట్టు వీరేశం బియ్యం బస్తా ఎత్తబోయి మంచమెక్కాడట. నొప్పి తగ్గినా, డాక్టరు లెమ్మన్నా దిగడట.

"నా ముచ్చట్లు ఆయన దగ్గర నడువయి. నువ్వు పాసైనవా లేదా అని పొద్దటిసంది ఒకటే పరేషాన్ అయితున్నడు. పోయి చెప్పు. మొత్తం చెప్పకు."

రామ్మోహనరావు వెళ్ళాడు. వీరేశం మంచం మీంచే కేకేశాడు.

"సార్! ఏమైంది? డాక్టర్ సాబ్ ఏమన్నడు?"

"చెబుతానండీ. నన్ను వంగమన్నాడు, వంగాను. వెన్ను మీద వేలేసి నొక్కాడు. నొక్కి, కళ్ళజోడు తీసి, ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నడు, ఏమన్నడు?"

"అయ్యో! మా ఆవిడ పిలుస్తున్నట్టుంది! బావి దగ్గరికి రండి, చెబుతాను."

"గిదేం అన్యాయం సార్! జర ఆగుండ్రి!"

వెనకాల మంచం కిర్రుమంది. ఓ మూలుగు, ఓ తిట్టు, ఆ తర్వాత చెప్పుల చప్పుడు వినిపించాయి. రామ్మోహనరావు వెనక్కి తిరక్కుండా, వీరేశం అందుకునేటట్టు నెమ్మదిగా నడిచాడు.