డేనియల్ మాస్టారు కారు చూశారు

మా డ్రాయింగు మాస్టారు డేనియల్ గారి దృష్టిలో ఈ లోకంలో వస్తువులు రెండే రకాలు. దొంగసొత్తని తేలినవి, ఇంకా తేలనివి. రామచంద్రపురం హైస్కూల్లో ఏళ్ళ తరబడి పిల్లల చేత కూజాలూ మామిడికాయలూ గీయించి రిటైరైన ఈ పెద్దమనిషి, పావుకిలో వంకాయలు కొనాలన్నా ముందు వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలియాల్సిందే.

"ఎవరి తోటవమ్మా ఇవి?"

"మా తోటవేనండి."

"మీ తోటంటే? సొంతమా, కౌలా?"

"తమకి వంకాయలు కావాలాండీ, పొలం కావాలాండీ?"

ఈ జవాబు చెప్పిన సంపూర్ణమ్మ, ఆ తర్వాత నుంచి మాస్టారు సంచీతో వీధి మలుపులో కనబడితే చాలు, గంప మీద గోనెపట్టా కప్పేసి నిద్ర నటించేది. మాస్టారు ఊరుకుంటారా? ఆ గోనెపట్టా ఎక్కడిదని అడిగేవారు.

వాళ్ళ చర్చిలో ఏటా కోతల పండుగ చేస్తారు. ఎవరి పంటలోంచి వాళ్ళు గుమ్మడికాయో, అరటిగెలో, కోడో తెచ్చి దేవుడికి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. నేను ఆ చర్చి మనిషిని కాకపోయినా, పక్కింటివాణ్ణి కాబట్టి మాస్టారి వెంట ఆ పాట చూడ్డానికి వెళ్తుంటాను. ఒక ఏడు పాట మంచి ఊపులో ఉండగా మాస్టారు లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, ఆ కోడిపుంజు ఎవరిదండి?"

"దేవుడిదండి మాస్టారూ," అన్నారు పాస్టరుగారు.

"అది సరేనండి. ఆయనకి ముందు ఎవరిది?"

చర్చంతా గొల్లున నవ్వింది. పుంజుని తెచ్చినాయన మాత్రం నవ్వలేక, ఏడవలేక, అది తన పెరట్లోనే పుట్టిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చింది. అంతా విని మాస్టారు పాట పాడారు గానీ, అప్పటికి పుంజుకి ఓపిక పోయి ఎగిరి కిటికీ ఎక్కింది.

హెలెన్ గారు, అంటే మాస్టారి భార్య, దీనికంటే పాత కథ చెప్తారు. "పెళ్ళిచూపులకొచ్చి నా పేరడగలేదు, చదువడగలేదు. నా చేతి వాచీ ఎక్కడ కొన్నారని మా నాన్నగారిని అడిగారు. రసీదు చూపించాకే కాఫీ తాగారు. ఈ మనిషి నన్నెందుకు చేసుకున్నారో గానీ, వాచీ మాత్రం నచ్చే చేసుకున్నారు."

ఇలాంటి మనిషిని ఎవరైనా కారు బేరానికి వెంట తీసుకెళ్తారా? మా బావమరిది అనిల్ కుమార్ తీసుకెళ్ళాడు. అంటే, వాడు వద్దు మొర్రో అంటున్నా మా ఆవిడ సూర్యకళ తీసుకెళ్ళమంది. తమ్ముడి మీద ఆమెకి ప్రేమ ఎక్కువ, తమ్ముడి తెలివి మీద నమ్మకం తక్కువ.

అనిల్ ఎరువుల కొట్లో ఉద్యోగం మానేశాడు. పెళ్ళిళ్ళకి కారు అద్దెకి తిప్పుతానన్నాడు. మామూలు కారు కాదు, ఫారిన్ కారు. మా వైపు పెళ్ళికొడుకు ఊరేగింపంటే జనం ముందు కారుని చూస్తారు, ఆ తర్వాతే లోపల ఎవరున్నారని వంగి చూస్తారు. వాడి ఆలోచనలో తప్పులేదు. కొవ్వూరులో వీరబాబు అని ఒక షామియానాలాయన దగ్గర సింగపూర్ నుంచి దిగిన పొడుగాటి తెల్ల కారు అమ్మకానికి ఉందని తెలిసింది. వాడు దాచుకున్నదంతా, వాళ్ళమ్మ గాజులతో సహా, ఆ కారు మీద పెట్టడానికి సిద్ధమయ్యాడు. అది పోతే వాడికి ఉద్యోగమూ లేదు, ఉన్నదీ ఉండదు.

"ఫోన్లో నంబరు కొట్టి చూశాను బావా. మోడలూ, రంగూ, ఓనరు పేరూ అన్నీ కాగితాలతో సరిపోయాయి. ఇంక మాస్టారెందుకు? ఆయనొస్తే బేరం చెడుతుంది," అన్నాడు. వాడు అప్పటికే అన్నవరంలో కారుకి పూజ చేయించడానికి ముహూర్తం పెట్టించాడు.

గోదావరి దాటి మేం కొవ్వూరు చేరేసరికి వీరబాబు ఇంటి ముందు తిరునాళ్ళలా ఉంది. కారు కొనడానికి మనుషులొస్తున్నారని వీధి వీధంతా వచ్చింది. మధ్యలో కుర్చీ వేసుకుని మీసం దువ్వుకుంటూ వీరబాబు మామగారు. అల్లుడు ఫారిన్ కారు కొన్నాడని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆయన.

వీరబాబు బక్కపల్చటి కుర్రాడు. మాట మెత్తన. "మంచి కారేనండి, ఆయ్. పెట్రోలు మాత్రం నీళ్ళలా తాగేస్తోందండి. నా వల్ల కావట్లేదు, అందుకే అమ్మేస్తున్నానండి."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని కారు చుట్టూ తిరిగారు. కిటికీ అద్దాల మూలల దగ్గర ఒక్కో చోట ఆగి, వేలితో రాసి చూశారు. బానెట్ ఎత్తించి, లోపల రేకు మీద కంపెనీవాళ్ళు చెక్కిన ఛాసిస్ నంబరు వైపు కాసేపు తల వంచి చూశారు. అయిపోయిందనుకున్నాం. మొదలవలేదు.

"ఈ కార్లో మొదట కూర్చున్నదెవరు?"

"తెలీదండి."

"సీటు కవర్లు కుట్టిందెవరు?"

"తెలీదండి, అలాగే వచ్చాయండి."

"ఈ పరిమళం ఏ పువ్వుది?"

"అది స్ప్రే అండి, మాస్టారండీ."

"స్ప్రే ఎక్కడ కొన్నావ్?"

ఇంక ఆగలేదాయన. టైర్లలో గాలి ఏ ఊరిదని అడిగారు. స్టీరింగు ఎందుకంత నల్లగా ఉందని అడిగారు. సింగపూర్‌లో దీపావళి చేస్తారా అని వీరబాబు మామగారిని అడిగారు. ఎండ నెత్తికెక్కింది. అనిల్ నా చెయ్యి గిల్లుతున్నాడు. జనంలో ముందు నవ్వులు, తర్వాత ఆవలింతలు. ఒక్కొక్కరే చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. మామగారు "ఈయనెవరో పిచ్చాయన్రా బాబూ" అంటూ లోపలికెళ్ళి, భోంచేసి, గురక పెట్టారు. అనిల్ ఉక్రోషం పట్టలేక టీ తాగొస్తానని వీధి చివరికెళ్ళాడు. నాకూ వెళ్ళాలనే ఉంది గానీ, తీసుకొచ్చిన పాపానికి నిలబడ్డాను.

వీధిలో మేం ముగ్గురమే మిగిలాక మాస్టారు జేబులోంచి పల్చటి కాగితమూ, పెన్సిలూ తీశారు.

"బాబూ, ఆ నంబరు మీద ఈ కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు. నాకు చెయ్యి వణుకుతుంది."

ఆ చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఈ వయసులో కూడా ఆయన స్కేలు లేకుండా తిన్నగా గీత గీస్తారు. వీరబాబు పాపం వంగి, నంబరంతా కాగితం మీదికి అచ్చు దిగేలా రుద్దాడు.

"ఇప్పుడు చూడు. అంకెలన్నీ ఒకే చేతి రాతలా ఉన్నాయా?"

వీరబాబు చూశాడు. ఎండలో పెట్టి మళ్ళీ చూశాడు. "చివరి మూడంకెలూ... కొంచెం లావుగా ఉన్నాయండి. కింద గీకినట్టు కూడా ఉందండి."

"ఊఁ. కిటికీ అద్దాల మూలలు చూశావా ఎప్పుడైనా?"

వెళ్ళి చూశాడు. ప్రతి అద్దానికీ ఒక మూల అరగదీసిన మచ్చ ఉంది, ఏదో చెక్కి ఉన్నదాన్ని చెరిపేసినట్టు. వెనక చిన్న అద్దం దగ్గర మాత్రం చెరపడం మరిచిపోయారు. అక్కడ చిన్న అంకెల్లో, రేకు మీదున్నది కాక, వేరే ఛాసిస్ నంబరు ఉంది.

"కాగితాల్లో ఇంకా పాత ఓనరు పేరే ఉంది. బండి నీ పేరు మీదికి ఎందుకు మారలేదు బాబూ?"

"నాకమ్మిన బ్రోకరు ఇదిగో అదిగో అంటున్నాడండి..." అని వీరబాబు ఆగిపోయాడు. కాగితం మీది అంకెల్నీ, అద్దం మీది అంకెల్నీ మార్చి మార్చి చూశాడు. "మాస్టారండీ, ఈ కాగితాలు దీనివి కాదండి."

"కాగితాలు నిజమైనవే. కారూ నిజమైనదే. రెంటికీ చుట్టరికం లేదంతే."

"ఎవరిదో కారండి ఇది. కొట్టుకొచ్చిందండి. నేను... ఇవాళ మీకు అమ్మేసేవాణ్ణండి." కుర్రాడి కళ్ళు తడయ్యాయి. "ఇప్పుడేం చెయ్యమంటారండి?"

"నువ్వేం చేద్దామనుకుంటున్నావ్?"

"స్టేషనుకెళ్ళి చెప్పేస్తానండి."

"చొక్కా మార్చుకురా. నేనూ వస్తాను."

స్టేషన్లో మాస్టారు సాయంత్రం దాకా వీరబాబు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఈ కుర్రాడు తనంతట తాను కనిపెట్టి, తనంతట తాను వచ్చాడని ఎస్సైగారికి ఒకటికి నాలుగుసార్లు చెప్పారు. తర్వాత తేలిందేమిటంటే, ఆ కాగితాలున్న అసలు సింగపూర్ కారు ఎప్పుడో యాక్సిడెంటులో తుక్కయిపోయింది. బ్రోకరు దాని కాగితాలు కొని, అలాంటిదే ఇంకో కారు ఎవరో డాక్టరుగారిది ఎత్తుకొచ్చి, అంకెలు మార్చి వీరబాబుకి అంటగట్టాడు.

తిరుగు దారిలో వంతెన మీద అనిల్ నోరు విప్పాడు. "మాస్టారూ, మీకెప్పుడు తెలిసింది?"

"అద్దం మూల చూడగానే అనుమానం, నంబరు చూడగానే నమ్మకం."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా! టైర్లలో గాలి ఏ ఊరిదని అడుగుతారా? నా ప్రాణం తోడేశారు!"

"అప్పుడు చెప్తే వీధంతా వింటుంది, మామగారు వింటారు. వీరబాబు దొంగ అయిపోతాడు. నేను చెప్తే అది పట్టుకోవడం, అతను చెప్తే అది ఫిర్యాదు. జనం వెళ్ళాలి కదా ముందు. జనాన్ని పొమ్మంటే పోరు నాయనా, విసిగిస్తే పోతారు."

నేను ఆయన వైపు తిరిగి చూశాను. ఇన్నేళ్ళలో ఆయన పుంజుని అనుమానించారు, వంకాయని అనుమానించారు, పెళ్ళికూతురి చేతి వాచీని కూడా వదల్లేదు. ఒక్క మనిషిని మాత్రం దొంగ అనగా నేను వినలేదు. ఈ సంగతి నాకు ఆ వంతెన మీద తట్టింది. నాకు ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

అనిల్ మూతి మాత్రం ఇంటిదాకా ముడుచుకునే ఉంది. డబ్బు మిగిలింది, బతుకుతెరువు పోయింది. నాలుగు రోజులకి వీరబాబు అనిల్‌కి ఫోను చేశాడు. "మాస్టారు చెప్పారండి, మీకో తోడు కావాలంట, నాకూ కావాలండి. పెళ్ళిళ్ళన్నీ నాకు తెలుసు, బండి మీరు నడుపుదురుగాని. మామూలు కారైతే ఏమండి, పూలు బాగా కడదాం." ఇద్దరూ కలిసి తిన్నగా ఒక షోరూముకెళ్ళి కొత్త కారే తీసుకున్నారు. మాస్టారు అక్కడ మేనేజరుని ఏమేం అడిగారో నేను రాయను. ఆ మేనేజరు సెలవు పెట్టాడని మాత్రం విన్నాను.

మొన్న కొవ్వూరులో వాళ్ళ ఆఫీసు తెరిచారు. మాస్టారికి తెలియకుండా తలుపు మీద బోర్డు కట్టించారు: 'డేనియల్ మాస్టారు పెళ్ళి కార్లు'. మాస్టారు దాని ముందు నిలబడి చాలాసేపు చూశారు. అనిల్, వీరబాబు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఈ పేరు ఎవరిదండి?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"నాదే," అన్నారు. "అడక్కుండా ఎత్తుకొచ్చారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. "ఫిర్యాదు ఇద్దామనే ఉంది గానీ, అక్షరాలు మరీ వంకరగా ఉన్నాయి. ఇలాంటిది నాదని స్టేషన్లో ఎలా చెప్పుకోను? దించండి, దించండి. ఒక బ్రష్షూ, ఎర్ర రంగూ తెండి, నేనే రాసిస్తాను."